బొబ్బిలి యుద్ధమునాటి తుపాకులు



‘బొబ్బిలి యుద్ధం’ అను చలనచిత్రము 1964వ సంవత్సరమున వెలువడినది. రంగారాయనిగా నందమూరి తారక రామారావుగారును, తాండ్ర పాపారాయనిగా ఎస్. వి. రంగారావుగారును, మల్లమ్మదేవిగా భానుమతిగారును అందు నటించిరి. అఱువది యేండ్లు దాటినను జనులు ఆ చిత్రమును మఱువలేదు. మా పాతబస్తీలో మా వీథి పిల్లలు కొందఱు ఈ మధ్య దానిని చూచి నన్నొక ప్రశ్న యడిగిరి. “పంతులుగారూ! బొబ్బిలివారు అంత శూరులు గదా, ఒక్క పగటిలో కోట ఎట్లా పోయింది? వాళ్ళ దగ్గర తుపాకులు లేవా?”

ప్రశ్న చిన్నదే గాని సమాధానము చిన్నది కాదు. తుపాకులు ఉండెను. అయితే కోట వెలుపలి తుపాకి వేఱు, కోట లోపలి తుపాకి వేఱు. తెరమీద చూచువారికి రెండును ఒక్కటిగానే కనబడును. రెండును పొగ గ్రక్కును, రెండును మనుష్యుని పడగొట్టును. వాని నడుమనున్న భేదము తెలియనిచో 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలిలో జరిగినది మనకు సగమే తెలిసినట్లు.

ఆ వెలుపలి తుపాకులు బొబ్బిలికి పోయినది మా హైదరాబాదు నుండియే. ఫ్రెంచి సేనాని బుస్సీ 1751 నుండి సలాబత్ జంగునకు అండగా దక్కనులో నిలిచియుండెను. వాని సైన్యమునకు జీతములు చెల్లించుటకై సలాబత్ జంగు 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను వానికి ఒప్పగించెను. తుపాకి కూలికై తెలుగునేల చేతులు మారినదన్నమాట. 1756లో దర్బారువారికిని బుస్సీకిని చెడినది. కొలువునుండి తొలగింపబడిన బుస్సీ సైన్యముతో హైదరాబాదు చేరి, చార్‌మహల్ అను పాత తోటభవనమును కోటగా మార్చుకొని, చుట్టును ముట్టడించిన దర్బారు సేనలను కొన్ని వారములపాటు నిలువరించెను. ఆగష్టులో లా అను సేనాని క్రొత్త బలముతో వచ్చి కలిసికొనగా సంధి కుదిరెను. నవంబరులో బుస్సీ తన సర్కారులలో శిస్తు వసూలు చేయుటకై తూర్పునకు దండు కదలించెను.

అక్కడ విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు ఎదురువచ్చి కలిసికొనెను. వానికిని బొబ్బిలి వెలమదొర రంగారాయనికిని చిరకాల వైరము. వాగుల నీటిని బొబ్బిలివారు తమ పొలములకు మళ్లించుకొనుచుండుటయే ఆ పగకు మూలములలో నొకటియని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఓర్మ్ వ్రాసెను. నీటి తగవు ఎంతదూరము పోగలదో మీకు నేను చెప్పవలసినది లేదు. బొబ్బిలిని విడిచి వేఱొక చోట భూములు పుచ్చుకొమ్మని బుస్సీ అడుగుట, రంగారాయడు ససేమిరా యనుట, అంతట ముట్టడి. ఈ కథ జంగములు పాడగా మీరు వినినదే. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ అను ప్రబంధమును కూడ దీనిపైనే రచించెను. కథ నిక్కడ నిలిపి ఆయుధముల సంగతికి వత్తును.

తుపాకి అను మాట తురుష్క భాషనుండి వచ్చినది. ఫిరంగి అనగా పరంగివారి వస్తువు. మాటలే పుట్టిల్లు చెప్పుచున్నవి. శుక్రనీతిలో నాలికాయంత్రమును, అగ్నిచూర్ణమును వర్ణింపబడియున్నవి గావున తుపాకి మనకు ప్రాచీనకాలము నుండియు కలదని వాదించు పండితులను నేనెఱుగుదును. ఆ భాగము అర్వాచీనుల చేర్పని విమర్శకులు తేల్చియున్నారు. నా తీర్పును అదియే. లేని ప్రాచీనతను అంటగట్టుటవలన శాస్త్రమునకు గౌరవము రాదు. తెలుగు, కన్నడ దేశములలో తుపాకి ప్రసిద్ధికెక్కినది శ్రీకృష్ణదేవరాయల కాలమున. 1520లో రాయచూరు ముట్టడియందు పోర్చుగీసు తుపాకివాండ్రు కోటగోడమీది కాపలావారిని పడగొట్టి రాయలకు సాయపడిరి. నాటినుండి బొబ్బిలి యుద్ధమువఱకు రెండువందల ముప్పదియేడు సంవత్సరములు గడచినను మన జమీందారుల బంట్ల చేతులలో ఉండినది ఆ జాతి తుపాకియే.

దానిని జామగి తుపాకి యందురు. మా పాతబస్తీ ఉర్దూలో తోడేదార్ బందూక్ అని పేరు. జామగి యనగా సురేకారపు నీటిలో నానబెట్టి యెండించిన నూలుత్రాడు. దానికి నిప్పంటించినచో మంట లేచిపోక, అగరువత్తివలె మెల్లమెల్లగా రగులుచుండును. తుపాకి ప్రక్కనున్న వంకర యినుప కొక్కెమునకు ఆ త్రాటి కొనను తగిలింతురు. ఆ కొక్కెమును గుఱ్ఱమందురు. గొట్టము మొదట చిన్న చెవి, చెవి ప్రక్క చిన్న పళ్ళెము. పళ్ళెములో రంజకము, అనగా మెత్తగా నూఱిన మందు. మీట నొక్కగానే గుఱ్ఱము వంగి నిప్పుకొనను రంజకముపై పెట్టును. రంజకము భగ్గుమని చెవిగుండ లోపలికి నిప్పు పోవును. అప్పుడు గుండు వెడలును.

మీలో పందుల బెడదకు నాటుతుపాకి పట్టినవారుందురు. ఒకసారి కాల్చి మరల దట్టించుటకు ఎంత కాలము పట్టునో వారికి తెలియును. మందు కొలిచి గొట్టమున పోయవలెను, గుండు వేయవలెను, గుడ్డపేలిక పెట్టవలెను, గజముతో దట్టింపవలెను, రంజకము పోయవలెను. జామగి తుపాకివానికి వీనికి తోడు మఱియొక కష్టము. ఒంటిమీద మందుసంచి, చేతిలో రగులుచున్న నిప్పు! దట్టించునంతసేపు ఆ నిప్పుకొనను గుఱ్ఱమునుండి తీసి వ్రేళ్ళ సందున దూరముగా పట్టుకొని, పిమ్మట మరల తగిలించి, బూడిద నూది, అప్పుడు గురిచూడవలెను. ఎంత చేతివాటముగలవాడైనను నిమిషమునకొక గుండు కాల్చుట గొప్ప. పదిమంది ఆనుకొని నిలిచినచో ఒకని నిప్పు మఱియొకని మందుకంటును గావున ఎడమెడముగా నిలువవలెను. రాత్రివేళ ఆ నిప్పురవ్వలే శత్రువునకు ఆనవాలు. వాన కురిసెనా, తుపాకి కఱ్ఱతో సమానము.

అయినను జామగి తుపాకిని తీసిపారవేయరాదు. మన కమ్మరులు చేసిన గొట్టములు పొడవుగా, మందముగా ఉండెడివి. ఎక్కువ మందు దట్టించినను పగులక దూరము కొట్టెడివి. పొద చాటున, బురుజు చాటున కూర్చుండి తీరికగా గురిచూచువానికి అది నమ్మకమైన తుపాకి. వేటకును కోటకాపలాకును చాలును. వరుసగా కదలివచ్చు దండునకు ఎదురు నిలుచుటకు చాలదు.

బుస్సీ సైనికుల చేతిది చకుముకి తుపాకి. దీనిని ఉర్దూలో పత్థర్‌కలా అందురు. దీని గుఱ్ఱము దవడలలో నిప్పుత్రాటికి బదులు చకుముకిరాయి బిగింపబడియుండును. మీట నొక్కగా రాయి ఉక్కుబిళ్ళను గీసికొనును. బిళ్ళ ముందుకు తొలగి, రవ్వలు రంజకముపై రాలును. మన తాతలు పొగచుట్టకు దూదిపై చకుముకి కొట్టి నిప్పు చేసిన రీతియే. దానినే తుపాకికి తగిలించిరి. ఫ్రెంచి సేనలు పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమునాటికే జామగిని విడిచి దీనిని చేపట్టెను. 1717లో ఫ్రెంచి ప్రభుత్వము తన కాల్బలమునకంతకు ఒకే కొలత తుపాకిని నిర్ణయించెను. దాని గొట్టపు రంధ్రము సుమారు పదునేడున్నర మిల్లీమీటర్లు, పొడవు అయిదడుగుల చిల్లర, బరువు నాలుగు కిలోలకు పైమాట. ఒకే కొలత యగుటవలన ఎవని గుండైనను ఎవని తుపాకిలోనైనను పట్టును. మందును గుండును కలిపి కాగితములో చుట్టిన తూటాలు సిపాయి నడుమునకు వ్రేలాడు తోలుసంచిలో సిద్ధముగా నుండును. తూటా కొనను పండ్లతో కొఱికి, రంజకమునకు కొంచెము విదిల్చి, మిగిలినది గొట్టమున పోసి గజముతో దట్టించుటయే పని. తరిఫీదు పొందినవాడు నిమిషమునకు మూడు గుండ్లు కాల్చును.

దీని గురి గొప్పదనుకొనవలదు. గొట్టము లోపల నున్నన. నూఱు గజములు దాటినచో గుండు ఎచటికి పోవునో కాల్చినవానికే తెలియదు. అందువలననే వారు గురిచూచుటను నేర్పలేదు, కలసి కాల్చుటను నేర్పిరి. భుజము భుజము రాచుకొని వరుసలుగా నిలిచి, ఒక్క మాటపై అందఱును కాల్చుట. వెనుకవరుస కాల్చులోపల ముందువరుస దట్టించుట. నిప్పుత్రాడు లేదు గావున అంత దగ్గఱగా నిలువగలిగిరి. తుపాకి కొనకు సంగీను తగిలింతురు. అది గొట్టము వెలుపల తొడిగెడి బాకు గావున సంగీను ఉండగానే కాల్పవచ్చును. అనగా మందు అయిపోయిన తుపాకి బల్లెమగును. ఒక్క చేతిలో రెండాయుధములు.

ఈ విద్య మహిమ దక్షిణదేశమునకు 1746లోనే తెలిసినది. చెన్నపట్టణపు అడయారు ఒడ్డున ఆర్కాటు నవాబు కుమారుడు మహఫూజ్ ఖాను సుమారు పదివేలమందితో నిలువగా, పరాదీ అను ఫ్రెంచివారి సేనాని రెండువందల పైచిలుకు ఐరోపావారితోను, ఏడువందల సిపాయిలతోను ఏరు దాటి వారిని పాఱద్రోలెను. ఆ సిపాయిలందఱును ఈ దేశపు బిడ్డలే. కావున జయాపజయముల కారణమును రక్తములో వెదకరాదు. చకుముకిరాయిలోను, తాలీములోను వెదకవలెను. రాయచూరు తరువాత రెండువందల యేండ్లపాటు ఈ మార్పును గమనింపక, జీతమిచ్చి పరులను పిలిపించుకొన్న మన నవాబులను, రాజులను నేను క్షమింపజాలను. మేల్కొనినది చాల ఆలస్యముగా. నిజాం అలీఖాను కొలువులో రేమండ్ అను ఫ్రెంచివాడు హైదరాబాదులోనే ఫిరంగులు పోత పోయించెను. ఆ కార్ఖానా పేరనే గన్‌ఫౌండ్రీ అను పేట ఈనాటికిని కలదు. పాతవారు తోప్ కా సాంచా అందురు. రేమండ్ 1798 మార్చిలో మరణింపగా, ఆ యేడు అక్టోబరులోనే ఆంగ్లేయులు వాని దళములను నిరాయుధములను గావించిరి.

ఇక ఫిరంగులు. బుస్సీ బొబ్బిలికి తెచ్చినవి మైదానపు ఫిరంగులు. ఎడ్లో గుఱ్ఱములో లాగగలిగిన తేలికవి. గోలకొండ పెట్లబురుజు మీద నేటికిని ఫతే రహబర్ అను ఫిరంగి కలదు. అట్టి పర్వతములను అడవిదారుల వెంట తీసికొనిపోవుట ఎవరితరము? తేలిక ఫిరంగి గుండు రాతిగోడను చీల్చును గాని, పిసికి త్రొక్కి కట్టిన మట్టిగోడ దానిని మ్రింగివైచును. మట్టికోట చులకనయని మన చిత్రములు చూచువారు తలతురు. ఫిరంగికి మట్టికోటయే కష్టము. రాతికోటలనైనను ఫిరంగులొక్కటియే పట్టలేదు. ఔరంగజేబు 1687లో ఎనిమిది నెలలు గోలకొండను కొట్టికొట్టి, తుదకు లంచము పుచ్చుకొన్నవాడు తలుపు తీయగా గదా లోపల అడుగు పెట్టెను!

బొబ్బిలిలో తలుపు తీసినవాడు లేడు. ఓర్మ్ వ్రాసిన ముట్టడి వృత్తాంతము నంతటిని చదివినచో ఏ గడియలో ఏ ఆయుధము ఎంత పని చేసెనో స్పష్టమగును. తెల్లవాఱగనే ఫిరంగులు నాలుగు బురుజులపై మ్రోగెను. తొమ్మిది గంటలకు గోడ కూలలేదు. పైనున్న పిట్టగోడలు మాత్రము కొన్ని విఱిగెను. అప్పుడు నాలుగు వైపులను నిచ్చెనలు వేసి ఎక్కబోయిరి. ఒక గంట ప్రయత్నించినను ఒక్కడును గోడ దాటలేకపోయెను. దండు అలసి వెనుదిరిగినది. మరల ఫిరంగులు, మరల నిచ్చెనలు. మధ్యాహ్నము రెండు గంటలవఱకును గోడమీద శత్రువు కాలు మోపలేదు.

ఇక్కడ ఆగి ఆలోచింపుడు. లోపలివారి జామగి తుపాకులు ఈ దశలో ఎంతవఱకు పనికివచ్చును? శత్రువు నిచ్చెనమీద బారెడు దూరమున ఉన్నాడు. దట్టించి, నిప్పు తగిలించి, బూడిద నూదుటకు వ్యవధి యేది? అందుచేత వారు బల్లెములతో పొడిచిరి. కొందఱు పిట్టగోడలపైకెక్కి, ముందు వచ్చువానిని చేతులతోనే పట్టుకొని, నిచ్చెనతోకూడ క్రిందికి త్రోయజూచిరి. అట్లు గోడపై నిలువున నిలిచినవారిని నిచ్చెనల వెనుకనున్న తుపాకివాండ్రు గురిచూచి కొట్టిరి. చకుముకి తుపాకి గురి తప్పునదని చెప్పితిని. ఇరువది ముప్పది గజములలో ఆకాశమునకెదురుగా నిలిచిన మనుష్యుని అదియు తప్పదు. ప్రాణభిక్ష పెట్టుదుమని వెలుపలివారు పలుమాఱు కేకవేసిరి. లోపలినుండి వచ్చిన బదులు బెదిరింపే.

రెండు గంటలకు యుద్ధము కొంత ఆగినది. కోట నిలువదని రంగారాయడు తనవారితో చెప్పెను. ఆ పిమ్మట కోట నడిమి యిండ్లలో జరిగినది మీ రెఱిగినదే. తమ స్త్రీలను బిడ్డలను తామే కత్తికిని నిప్పునకును ఒప్పగించి పురుషులు మరల గోడలమీదికి వచ్చిరి. దానిని పొగడుటకు నాకు నోరు రాదు, నిందించుటకును రాదు. గోడమీది జనము పలుచబడుటను లా కనిపెట్టెను. హైదరాబాదులో బుస్సీని ఆదుకొనిన పేరే ఇక్కడను వినబడుచున్నది. వాని దళమువారు కొందఱు ఒక బురుజుపైకి ఎక్కి నిలద్రొక్కుకొనిరి. దానిని కాపాడుటకు పరుగెత్తుకొని వచ్చిన రంగారాయడు తుపాకిగుండు తగిలి అక్కడనే కూలెను.

పిల్లలు చూచెడి యుద్ధచిత్రములలో సామాన్యముగా కనబడు దోషమొకటి యున్నది. సైనికుడు తుపాకి నెత్తును, కాల్చును, మరల కాల్చును, ఇంకొకసారి కాల్చును. నడుమ గజము తీయడు, తూటా కొఱుకడు. అట్టి తుపాకి 1757లో భూమిమీదనే లేదు. గుఱ్ఱము క్రింద పెట్టి కొట్టగనే పేలెడి మందును తుపాకికి వాడుట స్కాట్లాండు దేశపు మతగురువు ఫోర్సిత్ 1807లో కనిపెట్టినది. సిపాయిల తిరుగుబాటునాటి ఎన్‌ఫీల్డు తుపాకి 1853నాటిది. అదియు గొట్టపు మూతినుండి దట్టింపవలసినదే. తూటాల పెట్టెతో వరుసగా కాల్చెడి త్రీనాట్‌త్రీ లీ ఎన్‌ఫీల్డు 1895నాటిది. పొగరాని మందును ఫ్రెంచివాడు వియే 1884లో చేసెను. కావున బొబ్బిలినాటి యుద్ధమునకు సరియైన ఆనవాలు పొగ. ప్రతి గుండునకు బుడ్డెడు తెల్లపొగ. పదిసార్లు కాల్చిన పిదప ఎవరికి ఎవరును కనబడరు. జాతరలో ఔట్లు ప్రేలిన తరువాత గుడిముందు కమ్ముకొను పొగను, గంధకపు వాసనను తలచుకొనుడు. ఆ పొగలో తెల్లవాఱినది మొదలు మధ్యాహ్నము దాటువఱకు, నోట తూటా మందు ఉప్పదనముతో, దప్పితో నిలిచిరి వెలుపలివారు. లోపలివారికి అంతకు మిక్కిలి.

ఇది చాదస్తమని కొందఱందురు. చిత్రము వినోదమునకు గాని పాఠమునకు కాదందురు. బొబ్బిలి చిత్రము నేనును కన్నీటితోనే చూచితిని. దానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. అయితే 1757నాటి సిపాయి చేతిలో 1895నాటి తుపాకి పెట్టి చూడుడు. ఆ గోడమీద నిలిచిన బల్లెపు బంటు ఎంతసేపు నిలువగలడు? ఒక గడియ. అప్పుడు అది వెఱ్ఱితెగువగా కనబడును. ఆ కాలపు తుపాకి పెట్టి చూచినచో, ప్రతి గుండునకును మధ్య ఇరువది సెకనుల సందు ఉన్నది. ఆ సందులోనే బల్లెమునకు చోటున్నది. ఆ చోటును తెలిసియే వారు నిలిచిరి, దానిని జామునుండి జామునకు పొడిగించిరి. రంగారాయని బంట్లు బుద్ధిలేక చావలేదు. పిల్లలడిగిన ప్రశ్నకు నేను చెప్పిన సమాధానమిది. వారు సంతృప్తిపడిరో లేదో తెలియదు గాని, మఱునాడు సాలార్‌జంగ్ ప్రదర్శనశాలకు తీసికొనిపొమ్మని నన్ను తొందరపెట్టిరి. అచ్చటి ఆయుధముల గదిలో జామగి తుపాకులు గలవు. గొట్టము మొదటనున్న చెవిని, ప్రక్కనున్న పళ్ళెమును చూపితిని.

కథలో ఒక ఆయుధము మిగిలియున్నది. బొబ్బిలి కూలిన మూడవనాటి రాత్రి, విజయరామరాజు తన శిబిరమున నిద్రించుచుండెను. చుట్టును వేలకొలది తుపాకులు, కావలివారు, బుస్సీ ఫిరంగులు. అడవిలో దాగిన బొబ్బిలివారు ఇద్దఱు నడిరేయి ఆ డేరాలో దూరిరి. వారిలో ఒకడు తాండ్ర పాపారాయడని జనశ్రుతి. ఓర్మ్ లెక్క ప్రకారము విజయరామరాజు శరీరమున ముప్పదిరెండు గాయములుండెను. అవి అన్నియు బాకుపోట్లు.